డ్రమ్ము మీది గీత

లేదు, అది నా గీత కాదు, నేను గీసి ఉంటే నా చేతికి గుర్తుండదా, పదకొండేళ్లుగా కంప్యూటర్లో యంత్రాల భాగాలు గీసి బతుకుతున్న చెయ్యి ఇది, ఏ గీత ఎందుకు గీశానో ఎప్పుడడిగినా చెబుతుంది, బస్సు బాగేపల్లి టోల్‌గేట్ దాటింది, కిటికీ అద్దం వణుకుతోంది, ఒళ్లో సంచి, సంచిలో టిఫిన్ డబ్బా, డబ్బా కింద నాలుగు మడతల కాగితం, పులుసు కారి మరక పడుతుందేమో, పడనీ, మరక పడినా అందులో మాట మారదు, మాన్యరే అని మొదలుపెట్టి కన్నడంలో రాశాను, ఆఫీసు కాగితం కన్నడంలోనే కదా రాయాలి, తెలుగులో అనుకుంటున్నంతసేపూ ఒట్టి అనుమానంలా ఉన్నది కన్నడంలోకి దిగేసరికి నేరంలా కనిపించింది, నా ఫైలును నాకు తెలియకుండా అమరేష్ గారు మార్చారు, అందువల్ల డ్రమ్ము చెడింది, విచారించాలి, కింద నాగవేణి, తేదీ, అంతే, పది గంటలకు పురుషోత్తమ్ సార్ మేడెక్కి వస్తాడు, కంపెనీ ఆయనది, ఆయన చేతిలో పెడతాను, నిన్న ఫోన్లో చెప్పేశాను కూడా, ఒక లెటరు ఇస్తాను సార్ అని, పెట్టిన మరుక్షణం నుంచి ఆఫీసులో నాకు సీనియరైన అమరేషన్నకు ఆ కుర్చీ ఉండదు, యాభై నాలుగేళ్ల మనిషికి చిక్కబళ్ళాపురలో ఇంకో కుర్చీ ఎవరిస్తారు, అది నేను ఆలోచించాల్సిన సంగతి కాదు, మార్చేటప్పుడు ఆయన నా కుర్చీ గురించి ఆలోచించాడా, ఆధార్ తోర్సమ్మా అంటున్నాడు కండక్టరు, ఆడవాళ్లకు టికెట్టు ఊరికే, కార్డు మాత్రం చూపించాలి, కార్డులో మొహాన్నీ నా మొహాన్నీ రెండు మార్లు చూశాడు, ఇది నువ్వేనామ్మా, నేనేనప్పా, మీ అక్క మాదిరి ఉండాదే, నాకు అక్క లేదు, ముందు సీట్లో మునక్కాయల కట్ట పట్టుకున్న ముసలామె వెనక్కి తిరిగి, యాల అట్ల సూస్తాండావు, పెండ్లిసూపులకి వచ్చిండావా ఏమి అంది, బస్సంతా నవ్వింది, నేను నవ్వలేదు, ఆ మనిషి నన్ను అలా చూడడం తప్పనిపించలేదు నాకు, చూడాలి, ఎవరినైనా రెండోసారి చూడాలి, పదకొండేళ్లు నేను చూడకపోవడం వల్లే ఇదంతా.

అతుకు కంటికి కనిపించలేదు, గోటికి తగిలింది, నిన్న చింతామణిలో పట్టు తీయించే అక్కయమ్మ షెడ్డులో ఆ డ్రమ్ము మీద బొటనవేలి గోరు ఆనించి మెల్లగా తిప్పాను, ఎనిమిది అంగుళాల డ్రమ్ము, తుప్పు పట్టని రేకు, వేడినీళ్లలో ఉడికే పట్టుగూళ్ల నుంచి లేచిన పోగు దాని మీద జారి అవతలి రాట్నానికి పోవాలి, నున్నగా ఉండడం తప్ప దానికి వేరే పని లేదు, సగం తిరిగేసరికి గోరు టక్కున ఆగింది, ఇంకో సగానికి మళ్లీ టక్, సరిగ్గా ఎదురెదురుగా రెండు అతుకులు, వెల్డు చేసి అరగదీసి మెరుగు పెట్టారు, మనిషి కంటిని మోసం చేయొచ్చు, పట్టుపోగును చేయలేరు, అది అక్కడికి రాగానే తెగుతోంది, ఆరుగురు ఆడవాళ్లు ఉడికిన గూళ్ల కంపులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, రెండు రోజులుగా అలాగే కూర్చున్నారట, ఏం మా, ఇంత సదివిండారు, గుండుగా ఒకటి చేసిచ్చేదానికి కాలేదా మీకి, మా అవ్వ రోలుబండ ఇంతకన్నా నున్నగా ఉండె, అంది అక్కయమ్మ, కోపంగా అన్నా బాగుండేది, నవ్వుతూ అంది, అక్కడినుంచి నేరుగా అదే ఊళ్లో మా భాగాలు తయారుచేసే వెంకటరామప్ప వర్క్‌షాపుకు పోయాను, ముప్పై ఏళ్లుగా లేత్ మీద ఇనుము కోస్తున్న మనిషి, ఒక పైపు ముక్క తీసుకుని చెక్కితే పోయేదానికి రేకును రెండు సగం చెక్కలుగా ఎందుకు వంచావప్పా అంటే, నన్ను అడుగుతావేమమ్మా, మీరు పంపిండే దాంట్లోనే ఉండాది, రా సూపిస్తా అని గ్రీజు చేతిని పంచెకు తుడుచుకుని పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు, నా డ్రమ్మును తెరిచాడు, దాని మీద నొక్కాడు, సగం డ్రమ్ము పచ్చగా వెలిగింది, ఇది ఒక చెక్క, ఇంకో పక్క నొక్కాడు, ఆ సగం వెలిగింది, ఇది ఇంకొక చెక్క, ఒకటే అయితే అంతా ఒగేమారు పచ్చగా కావాల గదా, రేకు మిగిలేదానికి మేడం ఇట్ల యోచన చేసిండాది, సదివినోళ్లు, మనమేంది అడిగేది అనుకొని రెండు చెక్కలు వంచి అతికిస్తిని, నాలుగు దినాలు పట్టె, అని కొంచెం గర్వంగా కూడా అన్నాడు, నేను తెర మీదకి వంగి చూశాను, రెండు చెక్కల మధ్య వెంట్రుకంత సన్నని గీత, పై అంచు నుంచి కింది అంచు దాకా నిటారుగా, నేను గీయని గీత.

నా కంప్యూటర్లో అది ఒకటే, నొక్కితే గుండ్రమంతా ఒక్కసారి వెలుగుతుంది, నిన్న సాయంత్రం ఆఫీసుకు తిరిగి వచ్చి చూసుకున్నాను, నా దగ్గర ఒకటి, చింతామణిలో రెండు, మధ్యలో ఒకే ఒక మనిషి, వెంకటరామప్పది పాత సాఫ్ట్‌వేర్, మా ఫైళ్లు దానికి అర్థం కావు, అందుకని నా ఫైలును అమరేషన్న తన కంప్యూటర్లో ఆ సాఫ్ట్‌వేర్‌కి తగ్గట్టు మార్చి పంపుతాడు, అంటే నా పని ఆయన చేతిలోంచి దాటకుండా బయటకు పోదు, ఇంతకాలం ఇది సదుపాయం అనుకున్నాను, కాదు, ఏడాదిగా ఆయన తెరను గోడ వైపుకు తిప్పుకుని కూర్చుంటున్నాడు, నేను దగ్గరికి పోతే ఏదో మూసేస్తాడు, మెట్లు దొంగలా ఒక్కొక్కటే మెల్లగా ఎక్కుతాడు, పైన ఎవరు ఏం మాట్లాడుకుంటున్నారో వినడానికి కాకపోతే పద్దెనిమిది మెట్లకు అంతసేపా, గుమ్మంలో నిలబడి ఎవురు, వేణమ్మనా అంటాడు, ఎదురుగా నేను కూర్చుని ఉంటే ఎవురు ఏమిటి, నెల కింద మెట్ల మలుపులో విన్నాను, అంతా వేణికే వదిలేద్దాం సార్, నేను ఇంగ, అంటూ నా చెప్పుల చప్పుడు విని ఆగిపోయాడు, అంతా అంటే ఏది, తప్పంతానా, ఆ వారమే డ్రమ్ము ఫైలు వెంకటరామప్పకు పంపాం, పంపే ముందు ఆయన తన చోటి నుంచి, వేణమ్మా, ఈడ గీత ఏమన్నా ఉండాదా సూడు అన్నాడు, నేను తల తిప్పలేదు, నా తెర మీద ఉన్న డ్రమ్మును చూస్తూ లేదు అన్నాను, ఇప్పుడు తెలుస్తోంది ఎందుకు అడిగాడో, నా నోటితో లేదు అనిపించాలి, రేపు విచారిస్తే ఆమెనే అడిగితిని, లేదనింది అని చెప్పుకోవాలి, ఎంత జాగ్రత్త, పేరేసంద్రలో బస్సు ఆగింది, మునక్కాయల ముసలామె దిగుతూ కండక్టర్ని మళ్లీ ఏదో అంది, మళ్లీ నవ్వులు, ఆమె చేతి నిండా గాజులు.

అమ్మ గాజులు కొనేటప్పుడు బాగేపల్లి సంతలో బలిజ ముసలమ్మ విసుక్కునేది, ఎన్ని మార్లు తిప్పుతావు తల్లీ, అమ్మ ప్రతి గాజునూ బొటనవేలి గోటి కింద పెట్టి చుట్టూ తిప్పేది, అతుకు తగిలేదాకా తిప్పేది, యాడో ఉంటాది, ఎతకల్ల, అని నాకు చెప్పేది, తగిలిందంటే ఆమె మొహం ఎంత వెలిగేదో, గాజు బాగుందన్న సంతోషం కాదది, నాన్న చొక్కా జేబులు తడుముతున్నప్పుడు కూడా అదే మొహం, జేబులో ఏమీ దొరకని రోజున ఆమె అన్నం తినేది కాదు, దాచేశాడు, ఈ మారు బాగా దాచేశాడు అని గోడకు ఆనుకుని కూర్చునేది, నాన్న పాపం బీడీకట్ట తప్ప ఏమీ దాచేవాడు కాదు, ఇది ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు, నాది అలాంటిది కాదు, నాకు అతుకు నిజంగా తగిలింది, చింతామణిలో ఆరుగురు చూశారు.

గీత ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలుసు, అదే నా అసలు రుజువు, నేను చేరిన కొత్తలో ఆయనే నేర్పించాడు, డిప్లొమా చేసి వచ్చాను కానీ మౌసు పట్టుకోవడం కూడా సరిగా రాదు, ఒకరోజు సాదలి నుంచి ఎవరో తెచ్చిన పట్టుగూడు ఒకటి బల్ల మీద పెట్టి, దీనికి కొస ఉండాదా లేదా చెప్పు అన్నాడు, ఉందన్నా, చీపురు కుచ్చుతో రుద్దితే చిక్కుకుంటుంది కదా అన్నాను, ఆఁ, పురుగు యాడో ఒక తావున మొదలు పెట్టిండాది, అందుకే కొస చిక్కుతాది, మరి ఈ గుండుకి, అని తెర మీది స్తంభాన్ని చూపించి, దీనికి మొదలు యాడుండాది, చుట్టూ ఎంత తిరిగినా మొదలూ లేదు, కడా లేదు, కానీ కంప్యూటరుకి మొదలు లేకుంటే లెక్క సాగదు, చుట్టుకొలత యాడనించి కొలిచేది, అందుకే అది యాడో ఒక తావున గీత పెట్టుకొంటాది, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒక గీత పెట్టి దాచిపెడతాయి, కొన్నిటికి ధైర్యం చాలదు, అవి రెండుగా కోసేస్తాయి, అని తన మాటకు తనే నవ్వాడు, నేనూ నవ్వాను, అప్పుడు నాకు ఆ నవ్వు ఎంత ఇష్టంగా ఉండేదంటే, సరే, ఇప్పుడు అది కాదు సంగతి, ఇంత తెలిసినవాడు కదా, గుండ్రాన్ని ఎక్కడ కోస్తే ఎవరికీ అనుమానం రాదో ఇంతకంటే తెలిసినవాడు ఎవరు, ఒకటే చేయాలి, తొమ్మిదిన్నరకే ఆఫీసు చేరాలి, ఆయన రాకముందే ఆయన కంప్యూటర్లో కొత్త డ్రమ్ము ఒకటి నేనే మార్చి చూడాలి, అది గీత లేకుండా వస్తుంది, వస్తే ఇంక ఆయన నోరెత్తలేడు.

తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఎవరూ లేరు, ఆయన కుర్చీ చల్లగా ఉంది, తెరను గోడ వైపు నుంచి నా వైపుకు తిప్పాను, కిటికీ వెలుగు పడి మొదట ఏమీ కనిపించలేదు, తర్వాత అక్షరాలు కనిపించాయి, ఒక్కొక్కటి నా బొటనవేలంత, తెర మీద నాలుగు మాటలకు మించి పట్టడం లేదు, ఇదేం వేషం, మనిషి ఇంత పెద్ద అక్షరాలు పెట్టుకుంటాడా, కానివ్వు, నిమిషంలో డ్రమ్ము గీశాను, ఎనిమిది అంగుళాలు, ఒకే గుండ్రం, నొక్కితే అంతా వెలిగింది, బాగుంది, మార్చాను, ఆ కంప్యూటర్లోనే ఉన్న, వెంకటరామప్ప వాడే పాత సాఫ్ట్‌వేర్లో తెరిచాను, నొక్కాను, సగం వెలిగింది, మళ్లీ నొక్కాను, సగమే, రెండో పక్క, ఆ సగం, లేదు లేదు, ఈ కంప్యూటర్లో ఏదో ఏర్పాటు చేసి పెట్టాడు, వెతికాను, ఏర్పాట్లన్నీ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఇచ్చినవే, ఒక్కటీ కదపలేదు, సరే, నా కంప్యూటర్లో కూడా ఆ పాత సాఫ్ట్‌వేర్ ఉంది, పదకొండేళ్లలో నేను దాన్ని తెరిచి ఎరగను, అది అమరేషన్న పని అనుకునేదాన్ని, పోయి తెరిచాను, అక్కడా సగమే, బంతి గీశాను, అది నెత్తి నుంచి అడుగు దాకా కోసిన దోసపండులా రెండైంది, గాజు లాంటి వలయం గీశాను, నాలుగు ముక్కలైంది, అమ్మ గోటికి ఎన్ని తగిలేవో, గుండ్రంగా ఏది ఇచ్చినా అది కోసేస్తోంది, ఎవరూ చెప్పకుండానే, ఎవరి మీదా పగ లేకుండా, మరి మునుపు పంపినవి, అవన్నీ చిన్న రోలర్లు, ఇనుప కడ్డీ తీసుకుని చెక్కేవాడు వెంకటరామప్ప, గీత ఉన్నా లేకపోయినా కడ్డీని ఎవరూ రెండుగా వంచరు, రేకుతో ఇంత పెద్దది చేయడం ఇదే మొదలు, అయినా అమరేషన్న ఫోన్ చేసేవాడు కదా, ప్రతిసారీ, గీత లెక్కపెట్టొద్దప్పా, అది కంప్యూటరుది అని, నా చెవులతో విన్నాను ఎన్నిసార్లో, ఈసారి మాత్రం ఎందుకు చేయలేదు, అదిగో, అక్కడుంది, చేయలేదు, కావాలనే చేయలేదు, ఊపిరి మళ్లీ సరిగా ఆడింది నాకు, కొస చిక్కింది, సిగ్గు లేకుండా నా లోపల ఏదో సంతోషించింది, అప్పుడే మెట్ల మీద అడుగులు, ఒకటి, ఆగి, ఇంకొకటి, చెయ్యి కడ్డీని రాసుకుంటూ వస్తున్న చప్పుడు, నేను మళ్లీ ఆయన కుర్చీలో పోయి కూర్చున్నాను, చూడనీ, తన చోటులో నన్ను చూసి మొహం ఎలా పెడతాడో నేనూ చూస్తాను.

ఎవురు, వేణమ్మనా, అన్నాడు గుమ్మంలో, నేనే, అన్నాను, గొంతు వచ్చిన వైపుకు తల తిప్పి, నా కుర్చీలో కూర్చుండావే, సార్ అప్పుడే ఇచ్చేసినాడా ఏమి, అన్నాడు నవ్వుతూ, ఏం ఇచ్చేది, అన్నాను, కుర్చీనే, రెండు నెల్లుగా చెప్తాండా, అంతా వేణికే వదిలేద్దాం సార్, నేను ఇంగ చెయ్యలేను అని, ఊఁ అనడు, ఊఁహూఁ అనడు, నీకు నేనే చెప్దామనుకొంటి, నోరు రాలే, అని నా పక్కన స్టూలు కోసం చేత్తో తడిమి కూర్చున్నాడు, నేను కాగితంలో రాసిన మాటల్లో ఏ మాటా గుర్తు రాలేదు, అన్నా, డ్రమ్ము రెండు చెక్కలుగా చేశాడు వెంకటరామప్ప, అక్కయమ్మ దగ్గర పోగు తెగుతోంది, అన్నాను, గీత వచ్చినాదా, అన్నాడు ఆయన, వచ్చింది, అయ్యో, ఆ పొద్దు నిన్ను అడిగితిని గదమ్మా, ఈడ గీత ఉండాదా అని, నువ్వు లేదంటివి, నువ్వే లేదంటే ఇంగ లేనట్లే అని ఫోన్ చెయ్యకపోతిని, ఈ సాఫ్ట్‌వేరు ఈ మారు కొయ్యలేదేమో అనుకొంటి, నువ్వే చూడొచ్చు కదన్నా, నీ తెర మీదే కదా ఉంది, సూస్తిని తల్లీ, అగపడలే, మందంగా ఉండేటివి అగపడ్తాయి, సన్న గీతలు ఏడాదిగా అగపడవు, షుగరు కండ్లకి ఎక్కిండాదంట, ఎవురికీ చెప్పొద్దు, సార్‌కి కూడా మోకాళ్ల నొప్పని చెప్పిండా, అని, ఆరిపోయిన నవ్వొకటి నవ్వాడు, తెర గోడ వైపు, కిటికీ వెలుగు పడకుండా, బొటనవేలంత అక్షరాలు, కడ్డీ పట్టుకుని మెట్లు, ఎవురు వేణమ్మనా, ఒక్కొక్కటీ నేను చూసిందే, ఏడాది పాటు ఆ మనిషిని నేను చూసినంతగా ఎవరూ చూసి ఉండరు, నిజంగానే కళ్లు పోయాయా లేక ఇది కూడా, ఆ మాట నా లోపల పూర్తి కాకముందే నా బొటనవేలు చూపుడువేలి మీద గోరు ఆనించి మెల్లగా తిరగడం కనిపించింది నాకు, అమ్మ వేలు, ఒక అతుకు పోయిందనేసరికి ఇంకో అతుకు కోసం అప్పుడే బయలుదేరిన వేలు, డ్రమ్ము చింతామణికి పోకముందు నుంచే, ఆ మెట్ల మలుపు కంటే ముందు నుంచే ఇది ఇలా తిరుగుతూనే ఉంది, ఆ రోజు ఆయన నా కళ్లు అడిగాడు, లేచి మూడు అడుగులు వేస్తే ఆయన తెర, నేను తల కూడా తిప్పలేదు, మోసం ఉందనుకున్న చోట చూడడం ఎందుకని చూడకుండా లేదన్నాను, డ్రమ్మును రెండు చెక్కలు చేసింది ఆ లేదు అన్న మాటే, కింద పురుషోత్తమ్ సార్ బండి ఆగింది, స్టాండు వేసిన చప్పుడు, ఇంక పద్దెనిమిది మెట్లు, ఏమమ్మా వేణీ, ఏందో లెటరు ఇస్తానంటివి అని కింద నుంచే కేక, సంచిలో కాగితం ఉంది, అందులో తప్పు మోపిన పేరు వేరు, అడిగితే నోటితోనే చెప్పాలి, చూడకుండా లేదన్నది నేనే సార్ అని, ఎనిమిదో మెట్టు, తొమ్మిది, అమరేషన్న తెర దగ్గరికి మొహం ఆనించేంతగా వంగి, వేణమ్మా, ఆ పక్క కూడా ఉండాదా సూడు, అన్నాడు, నాకు తెలుసు ఉందని, నిన్నటి నుంచి తెలుసు, అయినా కుర్చీ ఆయన వైపు జరుపుకున్నాను, డ్రమ్మును మెల్లగా తిప్పాను, ఆయన వేలు చూపిస్తున్న చోట కళ్లు ఆనించి ఈసారి చూశాను, చూసి, ఉండాది అన్నా, అన్నాను.